ముద్దనూరు దావలో నూరు గజాలు

గండికోట చూడాలన్న కోరిక నాకు మా కర్నూలు గ్రంథాలయంలో పుట్టింది. నా బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. తక్కిన చదువంతా ఆ గ్రంథాలయపు బల్ల దగ్గరే. ప్రయాణానికి ముందు కోటల గురించి రెండు పుస్తకాలు, రోడ్లు వేయడం గురించి ఒకటి పూర్తి చేశాను. ఆ మూడోది ఎందుకంటే, ఆ అలమరలో నేను చదవనిది అదొక్కటే మిగిలింది.

శనివారం మధ్యాహ్నం కర్నూలులో బండెక్కి, ద్రోణాచలం మీదుగా దీపాలు పెట్టే వేళకు గుంతకల్లు చేరాను. తెల్లవారుజామున మద్రాసు వైపు పోయే బండి దొరికింది. ఈ దారిన వెళ్ళేవారు గుంతకల్లులోనే మరచెంబు నింపుకోవాలి. ఆపైన మంచినీళ్ళు దొరకడం కష్టం. ఏడున్నరకు ముద్దనూరులో దిగి, స్టేషను బయట నాలుగు ఇడ్లీలు తిన్నాను.

జమ్మలమడుగు బస్సు ఎనిమిదిన్నరకు బయలుదేరాలి. యుద్ధం వల్ల పెట్రోలు కరువై అది బొగ్గు మీద నడుస్తోంది. వెనక బిగించిన పొయ్యిని క్లీనరు చెమటలు కారేలా రాజేస్తే తొమ్మిదిన్నరకు కదిలింది. నా పక్కన తమలపాకుల గంపతో ఒక అవ్వ కూర్చుంది.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

"గండికోట చూడ్డానికవ్వా."

"రాళ్ళు చూసేదానికి ఇంత దూరం వస్తివా? మా సేన్లో శానా ఉండాయి. వచ్చి చూసుకో, ఊరికేనే!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పదిన్నరకు ఒక ఊరి మొదట్లో, వంక పక్కన, బస్సు ఆగిపోయింది. ముందు నూరు గజాల పొడవున కంకర వదులుగా పరిచి ఉంది. ఒక పక్క వంక, ఇంకో పక్క గుంత. తప్పుకుని పోయే వీలు లేదు. పెద్ద రోడ్డు రోలరు ఒకటి ఓరగా నిలబడి ఉంటే, దాన్ని తోలే మస్తాన్ సాహెబు దాని నీడలో పడుకుని ఉన్నాడు. తెల్లబట్టలు కట్టుకున్న ఒకాయన చేతులు వెనక్కి పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. ఆయన రోడ్డు కూలీల మేస్త్రీ, పేరు యేసోబు.

ఈ సీమలో రోడ్డు వేయాలంటే వాన రావాలి. నీళ్ళు లేనిదే కంకర, దాని మీద చల్లే గరుసుమన్ను కలిసి బిగుసుకోవు. అందుకే వాన పడితే ఊరంతా ఇళ్ళలోకి పరిగెత్తుతుంది, రోడ్డు కూలీలు మాత్రం గంపలు తీసుకుని బయటికి పరిగెత్తుతారు. పోయిన వారం వానకు తక్కిన రోడ్డంతా ఒత్తారు. ఈ నూరు గజాలు మిగిలిపోయాయి.

"రేపు తెల్లారేసరికి రోలరు వేరే తాలూకాకు తోలాలని హుకుం వచ్చిండాది," అన్నాడు మస్తాన్ సాహెబు లేచి కూర్చుని. "మళ్ళీ ఈ పక్కకు వచ్చేది పైయేడే."

"ఈ కంకరంతా మా ఆడోళ్ళు ఎండాకాలమంతా కొట్టినారప్పా," అన్నాడు యేసోబు. "ఒత్తకుండా వదిలేస్తే నెల తిరిగేలోపల బండ్లు అంతా వంకలోకి తోసేస్తాయి."

"వంకలో చెలమలు తవ్వి నీళ్ళు పోసి ఒత్తవచ్చు గదా?" అన్నాను, పుస్తకం గుర్తు తెచ్చుకుని.

"ఒత్తచ్చు. ఈ పొద్దు ఆదివారం," అన్నాడు మేస్త్రీ.

ఆ కూలీలంతా క్రైస్తవ కుటుంబాలవాళ్ళు. ఆదివారం పనిముట్టు తాకరు. అప్పుడే ఆరాధన ముగిసి జనం గుడి నుంచి వస్తున్నారు. సంగతి విని మేస్త్రీ భార్య రూతమ్మ నడుముకు చేతులు పెట్టుకుంది.

"ఆదివారమని ఇంటికి నీళ్ళు తెచ్చుకోకుండా ఉండామా? దినామూ మోస్తాండామే! ఈ పొద్దు దావకు మోస్తాము. పార మాత్రం ముట్టం."

అందరూ సంఘపెద్ద వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కుని, "కడవ పనిముట్టు కాదులే," అని తీర్పు చెప్పాడు.

మరి పారలు పట్టేదెవరు? ఈసారి అందరూ బస్సు వైపు చూశారు. రోడ్ల మీద పుస్తకం చదివానని చెప్పి నేనే ముందు దిగాను.

"పుస్తకమా! అట్లయితే పెద్ద పార నీకే," అన్నాడు మస్తాన్ సాహెబు.

చెలమల నుంచి రోడ్డు దాకా కడవలు బారులు తీరాయి. రోలరు పొగ చిమ్ముతూ ముందుకీ వెనక్కీ నడిచింది. యేసోబు చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే పని చేయించాడు. కంకర మొదట రోలరు కింద ఒకదాన్నొకటి కరచుకోవాలి. ఆ తర్వాతే నీళ్ళు, గరుసు. చాలినంత ఒత్తారో లేదో తెలియడానికి ఒక రాయి చక్రం కింద పెడతారు. అది దిగబడితే ఇంకా ఒత్తాలి, నుగ్గయితే చాలినట్టు.

రోలరు పదిసార్లు తిరగడం లెక్కపెట్టుకుని, నేను నా వంతు రెండు గజాల మీద గరుసు కుమ్మరించాను.

"ఆగప్పా! రాయి పెట్టి చూసినావా?" మేస్త్రీ చేతులు వెనకే గిలగిల కొట్టుకున్నాయి.

"పుస్తకంలో పదిసార్లు చాలన్నారు."

"ఆ పుస్తకం రాసినోడు మన రాయి చూసినాడా?"

అప్పటికే రెండు కడవల నీళ్ళు పడి, రోలరు దాటిపోయింది. "తవ్వితే పొద్దు చాలదు. కానీలే," అన్నాడాయన. కడవ దించి రూతమ్మ పకపకా నవ్వింది.

నాలుగు గంటలకు పని ముగిసింది. మాకందరికీ సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి పెట్టారు. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. అరచేతుల్లో బొబ్బలు లేచి, ముద్ద వేళ్ళ కొసలతో తినాల్సి వచ్చిందంతే. ఆ కొత్త రోడ్డు మీద మొదట దాటింది మా బస్సే.

జమ్మలమడుగులో సత్రంలో దిగి, సోమవారం ఎద్దులబండిలో గండికోట వెళ్ళాను. పుస్తకాలు చెప్పినవన్నీ ఉన్నాయి: ఎర్రటి బురుజులు, ధాన్యపు కొట్టు, పాతాళంలా కిందెక్కడో పెన్నేరు. మధ్యాహ్నం పెద్దవాన పట్టుకుంది. ధాన్యపు కొట్టులో తలదాచుకుని లోయ అందాన్ని చూడవలసింది పోయి, ఆ నూరు గజాలు ఏమవుతున్నాయోనని దిగులుపడ్డాను.

బుధవారం ఉదయం అదే బస్సులో తిరుగుప్రయాణం. ఒళ్ళు హూనమయ్యేలా కుదిపిన బస్సు ఒక్కసారిగా నున్నగా జారసాగింది. నా ముందు కునుకుతున్న పెద్దమనిషి ఉలిక్కిపడి లేచాడు.

"ఏమప్పా, బస్సు నిలబడిందా?"

నిలబడలేదు. వానకు ఆ రోడ్డు మరింత బిగిసింది. నా ఛాతీ ఉబ్బేలోపే ధడాలున ఒక్క కుదుపు! పెద్దమనిషి తల పైకప్పుకు తగిలింది.

"ఏ దద్దమ్మ ఒత్తినాడో ఇది!"

డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వి, బస్సు నెమ్మది చేశాడు. రోడ్డు పక్కన యేసోబు, ఈసారి చేతిలో పారతో, నిలబడి ఉన్నాడు.

"తగిలిందా అప్పా?"

"తగిలింది!"

"నువ్వు దాటిపోయినంక పూడుస్తామని ఆపినాము!" రూతమ్మ గరుసు గంప నెత్తికెత్తుకుంటూ అరిచింది.

ఇక ఆ దారిన వెళ్ళేవారికి కుదుపు ఉండదు. కాబట్టి ముద్దనూరు దాటాక గంటసేపు మెలకువగా ఉండి చూసుకోవాలి, లేకపోతే ఆ నూరు గజాలు తెలియకుండానే దాటిపోతాయి. గుంతకల్లు బండిలో కూర్చుని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. కర్నూలు చేరగానే ఆ మూడో పుస్తకం తీసి, "పదిసార్లు" అన్న మాట పక్కన పెన్సిలుతో "రాయి పెట్టి చూడవలెను" అని రాస్తాను. గ్రంథాలయపు పుస్తకాల్లో రాయకూడదన్న నియమం నాకు తెలుసు.