చెమట పట్టని సగం

ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు కెనడాలో మేముండే ఏజాక్స్‌లో మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. ముప్పై రోజుల పాటు, ఒక్క రోజు కూడా మానకుండా, రోజూ నలభై నిమిషాలు ఇన్‌ఫ్రారెడ్ సానా అనే వేడి గదిలో కూర్చుని చెమట పట్టించుకుంటానని దాని మీద రాసి ఉంది. కింద ప్రశ్నలు. గుండె జబ్బు ఉందా, బీపీ ఉందా, ఈ మధ్య ఆపరేషన్లేమైనా అయ్యాయా. అన్నిటికీ లేదు అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. నలభై ఆరేళ్ల వయసులో నాకున్నవల్లా నడుం నొప్పి, నిద్ర పట్టకపోవడం, ఎప్పుడెక్కిందో తెలియని బరువు. ఒక బీమా కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి గాని లేవను.

నన్ను అక్కడికి లాక్కెళ్లింది మా వెనక వీధిలో ఉండే ఆవిడ. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నారు. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. అక్కా అని పిలుస్తాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

"ఒక్కదాన్ని పోతే మూడో రోజుకే బంద్ చేస్త. నువ్వు గూడ వస్తే ఒకరికి భయపడి ఒకరం పోతం," అన్నారు.

మా ఆయన నవ్వారు. "చెమట కోసం అంత దూరం దేనికి? ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపొయ్యి. కావలసినంత పడుతుంది."

ఒక షాపింగ్ ప్లాజాలో గోళ్లకు రంగులేసే దుకాణానికీ పిజ్జా దుకాణానికీ మధ్య ఉంది ఆ చోటు. ఆవిరి ఉండదు, బొగ్గులూ నీళ్లూ ఉండవు. చెక్కతో చేసిన చిన్న గది, ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే నిండిపోతుంది. గోడల్లో బిగించిన పలకలు గాలిని కాకుండా మనిషినే వేడి చేస్తాయని దాని ఓనరు చెప్పింది. యాభై దాటిన తెల్లావిడ, మెల్లగా మాట్లాడుతుంది. గదిలో దీపాలు ఎర్రవి. ఆ వెలుతురులో అక్క ముఖం, నా చేతులు, తువ్వాళ్లు, అన్నీ ఒకే ఎరుపు. నలభై నిమిషాలయ్యాక తువ్వాలు తలకు చుట్టుకుని నేరుగా షవర్‌లోకి వెళ్లిపోయేవాళ్లం.

మొదటి రెండు రోజులూ ఎప్పుడు బయటపడదామా అని గడియారం చూస్తూ కూర్చున్నాను. అక్కకి పది నిమిషాలకే చెమట ధారలు కట్టేది. నాకు ఆలస్యం. "నీది గట్టి పానం. చెమట గూడ లెక్క చూస్కొని ఇడుస్తవు," అని ఆవిడ ఎగతాళి చేసేవారు. ఆవిడ ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చేవారు, ఉప్పూ అల్లమూ వేసి. అది తాగి, తడి జుట్టు మీద టోపీ పెట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి వస్తే చలి కూడా హాయిగా ఉండేది. అయిదో రోజుకి నాకు నిజంగానే నిద్ర పట్టింది. అందుకే, ఆ తర్వాత జరిగింది ఇంకా అన్యాయంగా తోచింది.

తొమ్మిదో రోజు నాకు ఒంటిగంటకు మీటింగ్ ఉంది. స్నానం ఇంటికెళ్లి చేద్దామని, తువ్వాలు మెడలో వేసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చేశాను. అక్కడ ముందువైపు గోడంతా అద్దమే. బయట మంచు మీద పడిన ఎండ లోపలికి కొడుతోంది. బూట్లు తొడుక్కుంటున్న అక్క తలెత్తి నన్ను చూసి, ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయారు.

"ఏందది? మొహానికి ఏమన్న రాసుకున్నవా?"

"లేదక్కా. ఏం?"

"ఇటు తిరుగు. మళ్ల అటు." ఆవిడ గొంతు మారింది. "ఒక దిక్కు ఎర్రగున్నది. ఒక దిక్కు తెల్లగున్నది."

తువ్వాలు ఒత్తుకుని ఉంటుందిలే అన్నాను. కౌంటర్ వెనక ఓనరు కంప్యూటర్ నుంచి తల తిప్పి నన్ను చూసి గబగబా ఇవతలికి వచ్చింది. కుర్చీ వేసి కూర్చోమంది. రెండు చేతులూ పైకెత్తమంది. నవ్వమంది. మీ పేరు చెప్పండి అంది. పక్షవాతమేమోనని చూస్తోందని అప్పటికి నాకు తెలియదు. చేతులు ఎత్తాను, నవ్వాను, పేరు చెప్పాను. ఆమె 911కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలుస్తానంది. నేను వద్దన్నాను, మీటింగ్ ఉందని చెప్పాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అక్క ఫోన్‌తో ఫోటో తీసి నా చేతిలో పెట్టారు.

నుదుటి నడిమి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. నా ఎడమవైపు ముఖం కందిపోయి, చెమట కారుతూ ఉంది. కుడివైపు పాలిపోయి ఉంది. ఆ వైపు ఒక్క చుక్క చెమట లేదు. ఇద్దరు ఆడవాళ్ల ముఖాలను నిలువునా కోసి చెరో సగం తెచ్చి అతికించినట్టు ఉంది. నా అరచేతులు రెండూ బుగ్గల మీద పెట్టుకున్నాను. ఎడమ బుగ్గ తడిగా, వేడిగా తగిలింది. కుడి బుగ్గ పొడిగా, ఇంకెవరిదో అన్నట్టు ఉంది. అప్పుడు టీషర్టు చూసుకున్నాను. ఎడమ భుజం వైపు తడిసి అంటుకుపోయింది. కుడి భుజం మీద మడత కూడా నలగలేదు.

పావుగంటలో ఎరుపు తగ్గి, ముఖం మళ్లీ ఒకటైంది. ఇంటికెళ్లి లాప్‌టాప్‌లో మీటింగ్‌కి కూర్చున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

సాయంత్రం మా ఆయనకి ఫోటో చూపించాను. "ఏ యాప్‌తో చేశారు?" అన్నారు. యాప్ కాదన్నాను. ఫోన్ తీసుకుని వేళ్లతో పెద్దది చేసి చూశారు. చాలాసేపు చూశారు. "రేపు నేను లీవు పెడతాను," అన్నారు.

అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లగలిగే వాక్-ఇన్ క్లినిక్‌లో డాక్టరు పెద్దాయన. ఫోటో చూసి నవ్వలేదు. లేచి తలుపు మూసి, గదిలో లైటు తీసేసి, చిన్న టార్చితో నా కళ్లలోకి చూశారు. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ, మళ్లీ కుడి.

"మీ కుడి కంటిపాప రెండోదానికన్నా చిన్నగా ఉంది. రెప్ప కూడా కాస్త కిందికి జారింది. ఎప్పటి నుంచి ఇలా?"

"నాకు తెలియదు," అన్నాను.

డాక్టరు మా ఆయన వైపు తిరిగారు. ఇరవై రెండేళ్లుగా రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి. ఆయన నా ముఖంలోకి మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "నేనెప్పుడూ గమనించలేదు," అని మెల్లగా అన్నారు.

ముఖానికి చెమట పట్టించే నరం మెదడు నుంచి నేరుగా ముఖానికి రాదట. వెన్ను వెంట ఛాతీలోకి దిగి, అక్కడి నుంచి మళ్లీ మెడ మీదుగా పైకి వస్తుందట. ఆ దారిలో ఎక్కడో ఏదో అడ్డుపడుతోందేమో చూడాలి, కొందరిలో ఏ కారణమూ దొరకదు అన్నారు డాక్టరు. అదే బిల్డింగ్‌లో ఎక్స్‌రే తీయించుకుని ఇంటికి వచ్చాం. వస్తూనే మా ఆయన పాత కార్డులన్నీ సొరుగులోంచి తీసి టేబుల్ మీద పరిచారు. డ్రైవింగ్ లైసెన్సు, ఇక్కడి శాశ్వత నివాసానికిచ్చే పీఆర్ కార్డు, అమెరికాలో ఉన్నప్పటి ఆఫీసు బ్యాడ్జీ. బ్యాడ్జీలో రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. కెనడా వచ్చాక తీసిన ప్రతి ఫోటోలోనూ కుడి రెప్ప కాస్త వాలి ఉంది.

మర్నాడే క్లినిక్ నుంచి ఫోన్. రిసెప్షనిస్టు కాదు, డాక్టరే చేశారు. అందుకే ఆయన చెప్పకముందే మంచి కబురు కాదని తెలిసిపోయింది. కుడి ఊపిరితిత్తి కొనకు పైన, వెన్నుపూస పక్కన, నిమ్మకాయంత గడ్డ ఉంది. ఏమిటన్నది సీటీ స్కాన్ చేస్తే గాని తెలియదు. టొరంటోలో సర్జన్‌కి రిఫరల్ పంపుతున్నానని చెప్పారు.

నొప్పి లేదు. దగ్గు లేదు. నేను ఆరోగ్యం బాగుపడాలని వెళ్లినదాన్ని. ఫోన్ పెట్టేశాక లాప్‌టాప్ ముందు కూర్చుని, సగం రాసిన బగ్ రిపోర్టు పూర్తి చేశాను. పంపాక చూసుకుంటే ఒకే వాక్యం మూడుసార్లు రాసి ఉంది.

ఆ సాయంత్రం అక్క పప్పుచారూ అన్నమూ పట్టుకుని వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చున్నారు. "నేనే గుంజుకపోయిన నిన్ను. ఆ వేడికే ఏమన్న అయిందా?"

"వేడికి గడ్డ రాదక్కా. ముందు నుంచే ఉంది."

"గట్లనే అంటవు నువ్వు," అన్నారు. ఆవిడ కూడా సానా మానేశారు. నేను వెళ్లమన్నా వెళ్లలేదు.

మా అమ్మాయి వాటర్లూలో, యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతోంది. ఫోన్‌లో చెప్పదలుచుకోలేదు. శుక్రవారం ఇంటికి వచ్చాక భోజనాల దగ్గర చెప్పాం, ఫోటో చూపించాం. తను ఫోటో ఒక్క క్షణం చూసి, పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. నేను వెనకే వెళ్లాను. తను ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. తను అన్నది తెలుగులో రాస్తున్నాను.

"అమ్మా, నేను నీకు చెప్పాను."

"ఏం చెప్పావు?"

"నాకు తొమ్మిదేళ్లప్పుడు. జూలై ఒకటిన, కెనడా డే రోజు పార్కులో ఐస్‌క్రీం లైన్లో నిలబడ్డాం. నీ మొహం సగమే ఎర్రగా ఉంది అన్నాను. ఎండ అటు నుంచి పడుతోందిలే అన్నావు. కానీ నీ తల మీద టోపీ ఉంది. ఆ తర్వాత మనం బ్యాడ్మింటన్ ఆడినప్పుడు ఇంకోసారి చెప్పాను. పిచ్చి మాటలు మాట్లాడకు, ఆడు అన్నావు. ఇంక చెప్పలేదు."

నాకు ఆ పార్కు గుర్తుంది. ఆ టోపీ గుర్తుంది. తను చెప్పిన మాట మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. గడ్డ సంగతి విన్నప్పటి కన్నా ఎక్కువ దిమ్మెరపోయింది నేను అక్కడ, ఆ మెట్ల మీద. పదకొండేళ్ల కిందట ఒక పిల్ల నా ముఖాన్ని సరిగ్గా చూసి, సరిగ్గా చెప్పింది. నేను రెండు మాటల్లో కొట్టిపారేశాను.

"గట్టిగా చెప్పాల్సింది నేను," అంది.

"తొమ్మిదేళ్ల పిల్ల ఎంత గట్టిగా చెబుతుందమ్మా. వినాల్సింది నేను," అన్నాను. తను నా భుజానికి తల ఆనించలేదు, దూరంగానూ జరగలేదు. అలాగే కూర్చున్నాం. లోపల మా ఆయన పళ్లేలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

సీటీ స్కాన్ అయ్యాక సర్జన్‌ని కలవడానికి తను కూడా వచ్చింది. ఇది ఎన్నాళ్ల నుంచి ఉందో ఏమైనా ఊహించగలరా అని సర్జన్ అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి పార్కు సంగతి, బ్యాడ్మింటన్ సంగతి చెప్పేసింది. సర్జన్ రాసుకుంటున్నది ఆపి తనవైపు చూశారు.

"పదకొండేళ్లా? కచ్చితంగా గుర్తుందా?"

"గుర్తుంది."

"అయితే ఇది చాలా నెమ్మదిగా పెరిగింది. నరం పొరలో పుట్టే గడ్డలా కనిపిస్తోంది. చెడ్డవి సాధారణంగా ఇంతకాలం ఊరుకోవు. తీసి పరీక్ష చేశాకే మాట ఇవ్వగలను. కానీ మీరు చెప్పింది మంచి విషయం."

కారులోకి వచ్చాక మా అమ్మాయి ఏడ్చింది. తను ఎందుకు ఏడుస్తోందో నేను అడగలేదు.

ఏప్రిల్‌లో ఆపరేషన్ చేశారు. పక్కటెముకల మధ్య మూడు చిన్న గాట్లు పెట్టి తీసేశారు. పది రోజుల తర్వాత, మందులు తెచ్చుకుందామని ఫార్మసీకి వెళ్లి, మా ఆయన లోపలికి వెళ్లినప్పుడు నేను కారులో ఉండగా సర్జన్ నుంచి ఫోన్ వచ్చింది. క్యాన్సర్ కాదు. పూర్తిగా తీసేశాం. ఇంక ఏడాదికోసారి స్కాన్ చాలు. నేను సరే, థాంక్యూ అన్నాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాను. మందుల సంచితో వచ్చిన మా ఆయన నా వాలకం చూసి ఇంకేదో అనుకుని, కారు తలుపు పట్టుకుని బయటే నిలబడిపోయారు. "కాదట," అన్నాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు.

మే నెలలో సానా ఓనరు ఫోన్ చేసింది. అక్క ద్వారా తెలిసిందట. సంతోషంగా ఉందని, ఒప్పుకుంటే తమ వెబ్‌సైటులో నాలుగు మాటలు వేసుకుంటామని అడిగింది. మీ సానా నా ప్రాణం కాపాడిందని నేను రాయలేను అన్నాను. పరిగెత్తినా, ఎండలో నిలబడినా అదే కనిపించేదని డాక్టర్లు చెప్పారు. కాకపోతే ఆ రోజు కుర్చీ వేసి, చేతులెత్తించి చూసినందుకు మీకు ఎంతో రుణపడి ఉన్నాను, అది ఎక్కడ కావాలన్నా చెబుతాను అన్నాను. ఆమె, "ఆ రోజు నేను చాలా భయపడ్డాను," అంది. వెబ్‌సైటులో ఏమీ వేయలేదు.

గడ్డతో పాటు నరం కూడా కొంత పోయింది. కాబట్టి నా కుడి ముఖానికి, కుడి చేతికి ఇక చెమట పట్టదు. ఎండాకాలంలో ఆ వైపు తడిగుడ్డతో తుడుచుకుంటూ ఉండాలి. రెప్ప అలాగే ఉంది. మా ఆయన ఇప్పుడు రోజూ పొద్దున కాఫీ ఇస్తూ నా కళ్లలోకి ఒకసారి చూస్తారు. చూస్తున్నారని నాకు తెలుసని ఆయనకి తెలియదు.

బండి నడపొచ్చని డాక్టరు చెప్పిన మొదటి శనివారం నేను ఒక్కదాన్నే వాటర్లూ వెళ్లాను. మా అమ్మాయి హాస్టల్ దగ్గర, రైలు పట్టాలకు ఎదురుగా ఉన్న చిన్న కాఫీ షాపులో కూర్చున్నాం. దారంతా అనుకుంటూ వచ్చిన ప్రశ్న అడిగేశాను.

"నువ్వు చెబితే నేను విననివి ఇంకా ఏమైనా ఉన్నాయా?"

తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కప్పు పక్కకి జరిపి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అన్నట్టు కాసేపు ఆలోచించింది.

"చాలా ఉన్నాయి," అంది, తెలుగులో.

నేను ఫోన్ ఆపేసి సంచిలో పెట్టాను. తను చెప్పడం మొదలుపెట్టింది.