అంచు వరుస బండలు

ఆదివారం వస్తే పట్నం జనం కార్లు దిగి నేరుగా అంచుకే పోతారు. వికారాబాద్ గుట్ట మీద కొత్తగా కడుతున్న పార్కులో ఆ అంచు పని బాల్‌రాజ్‌ది. కింద లోయ, అవతల మైదానం. మబ్బు లేని రోజు మైదానం చివర హైదరాబాద్ వైపు ఆకాశం మసకగా కనిపిస్తుంది. అక్కడి బండలు గోడ దాటి జానెడు బయటికి ఉంటాయి.

బాల్‌రాజ్ తాండూరు మనిషి, బండల మధ్యనే పెరిగాడు. ఏ బండనైనా పరిచేముందు సుత్తెతో కొట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది. పగిలిన కుండలా పలికితే లోపల నెర్రె ఉన్నట్టు, పక్కన పడేస్తాడు. పరిచాక కూడా, బయటికి ఉన్న అంచు మీద కొడితే తేడా తెలుస్తుంది.

ఆ రోజు వరుస పూర్తయ్యాక కొట్టి చూశాడు. మోత వినపడలేదు. కటింగ్ మిషన్ రొదలో కలిసిపోయిందనుకుని, కాసేపు ఆపమని చెప్పడానికి వెనక్కి తిరిగాడు. మిషన్ ఆగే ఉంది. దాని పక్కన పనివాళ్లు సద్ది తింటున్నారు.

రొద అతని చెవుల్లోనే ఉంది.

ఇంకో బండ కొట్టాడు, ఇంకోటి. అన్నీ మూగగానే ఉన్నాయి. మరి నిన్న పరిచినవి? మొన్నటివి? మిషన్ నడుస్తోంది గదా, అందుకే వినపడలేదులే అని పరిచేసినవి ఎన్నో.

నీళ్లు చల్లాడు. బండ ఆరుతుంటే నెర్రె ఉన్నచోట తడి గీతలా మిగులుతుంది. కానీ గుట్టంతా మబ్బు కమ్మి చెమ్మగా ఉంది, ఏ బండా ఆరలేదు. జనం పోకుండా అంచుకు అడ్డం కట్టిన తాడును సాయంత్రం తీసేస్తామని పని చూసే మహేష్ పొద్దున్నే చెప్పాడు. సంగతి చెబితే, చెవులు పోయిన మేస్త్రీని రేపటినుంచి ఎవరు పిలుస్తారు?

అంతలో ఒకాయన పిల్లను భుజానికెత్తుకుని, ఫొటో కోసం తాడు దాటి అంచు మీదికి పోయాడు. బాల్‌రాజ్ అరిచిన అరుపుకు పిల్ల ఏడుపందుకుంది. ఆయన వెనక్కి వచ్చి, బండలు నీ ఇంటివా అని కసిరి పోయాడు. బాల్‌రాజ్ సుత్తె పట్టుకుని, సిమెంటు కలుపుతున్న భార్య సత్యమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాడు.

"రెండేండ్ల సంది పిలిస్తె పలుకుతలేవు. నా మీద కోపమేమో అనుకున్న," అన్నది ఆమె. సుత్తె అందుకుంది.

ఆమె గోడ లోపలే కూర్చుని ఒక్కో బండా కొడుతూ జరుగుతుంటే, అతను ఆమె ముఖమే చూస్తూ వెంట నడిచాడు. మలుపు దగ్గర ఆమె ఆగి మళ్లీ కొట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. అతను గడ్డపార పెట్టి లేపాడు. బండ విరిగి సగం ముక్క లోయలోకి జారింది. అది పడిన చప్పుడు కూడా అతనికి తెలియలేదు.

మహేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందన్నా? తాడు తీద్దామని వస్తున్న."

"తియ్యకు సార్. నాకు రాయి మోత ఇనవడ్తలేదు. నిన్నటివి గూడ ఇనకుంటనే పరిచిన."

మహేష్ ఫోన్ తీసి పక్కకు పోయాడు. ఎవరికి ఏం చెబుతున్నాడోనని బాల్‌రాజ్ అటు చూడలేదు. సత్యమ్మ పక్క బండ మీద సుత్తె ఎత్తింది. అతను ఆమె కనుబొమల వంకే చూస్తూ నిలబడ్డాడు.