పాపకు నీళ్ళు పట్టించిన రోజు

మా పాప అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. రాజాంలో అత్తవారింట్లో అందరం కలిసే ఉంటున్నాం. ఒకరోజు పొద్దున్న లేస్తూనే దానికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి.

"పళ్ళొస్తన్నాయే. పాలు మానిపించి కడుపు ఎండగట్టు, అదే కట్టేస్తాది" అంది మా అత్త. ఒంట్లోంచి అన్ని నీళ్ళు పోతుంటే తాగడానికి ఏమీ ఇవ్వకపోవడమేమిటని నాకు భయం వేసింది. "ఓసారి డాక్టరమ్మకి సూపిద్దాం అత్తా" అని బతిమాలాను. ఇద్దరం ఆటో ఎక్కాం.

ఒంట్లో నీళ్ళు తగ్గాయేమోనని డాక్టరమ్మ పాప పొట్ట మీద చర్మం పట్టి వదిలి చూసింది. పాలు ఆపొద్దంది. మెత్తగా అన్నం పెట్టమంది. ఓఆర్‌ఎస్ నీళ్ళు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టమంది. జింకు మాత్ర, విరేచనాలు తగ్గినా సరే, రాసినన్నాళ్ళూ వెయ్యమంది. కళ్ళు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, ఉచ్చ పోయకపోయినా, రక్తం పడినా పరిగెత్తుకు రమ్మంది.

బయటికొచ్చాక మా అత్త, "అంతా బాగానే ఉంది గాని, ఇది తాగుతాదేటి?" అంది.

ఇంటికొచ్చాక ఆవిడ అన్నట్టే అయింది. పోసిన ప్రతి చెంచా పాప నా చీర మీదే ఉమ్మింది.

మా మావయ్య పెళ్ళిళ్ళలో సన్నాయి వాయిస్తారు. ఆయన వసారాలో కూర్చుని బుగ్గలు పూరించి ఊదడం మొదలుపెట్టగానే పాప నోరు తెరుచుకుని అటే చూసింది. మా అత్త నా చేతిలో చెంచా లాక్కుని ఆ నోట్లో ఒంపేసింది. గుటుక్కున మింగింది!

"ఆపకండి, ఊదండి!" అంది మా అత్త.

"ఏ పెళ్ళిలోనూ నన్నింతసేపు ఊదమన్లేదే. బుగ్గలు పీకేస్తన్నాయి."

"ఆ పెళ్ళికూతుళ్ళు మీ మనవరాళ్ళేటి? ఊదండి!"

అలా గ్లాసుడు నీళ్ళు లోపలికి వెళ్ళాయి. మధ్యాహ్నం పాప వాడిపోయి పడుకుంది. మగతేమోనని గబుక్కున లేపాను. నిద్ర చెడిందని కోపంతో గుక్కపట్టి ఏడ్చింది. చెంపల మీద బొటబొటా కన్నీళ్ళు. నాకు నవ్వాగలేదు.

"పిల్ల ఏడస్తంటే నవ్వుతావేటే?"

"కన్నీళ్ళొస్తన్నాయి అత్తా! ఒంట్లో నీళ్ళున్నాయి!"

సాయంత్రం మావయ్య మేళానికని ఇస్త్రీ పంచె కట్టుకుని, వెళ్ళేముందు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. కాసేపటికి ఆయన ముఖం మారింది. పంచె మీంచి ధార నేలకు కారుతోంది.

"పోసింది! ఉచ్చ పోసింది!" అని మా అత్త చప్పట్లు కొట్టింది. మావయ్య లేవకుండా, "పొయ్యనీ తల్లీ, పొయ్యనీ" అంటూ అది ముగించేదాకా కూర్చున్నారు.

తర్వాత రెండు రోజులకు విరేచనాలు తగ్గాయి. మాత్ర వేళ దాటితే నాకంటే ముందు మా అత్తే గుర్తుచేసేది. మజ్జిగన్నం మెత్తగా పిసికి ఆవిడ పెడుతుంటే, ముద్ద ఆలస్యమైనప్పుడల్లా పాప ఆవిడ చెయ్యి పట్టి నోటి దగ్గరికి లాక్కునేది.