నీళ్లతో పగిలిన రాకెట్టు

మా పక్కింటాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ఫిట్టరు. ఇనుప వస్తువు ఏది కనబడినా, చివరికి మా కుక్కరైనా సరే, వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి వినేవాడు.

ఎనభైల్లో, పెద్ద రాకెట్టొకటి సముద్రంలో కూలిందని రేడియో చెప్పిన రోజు ఇద్దరం వాదులాడుకున్నాం. సైన్సు టీచర్ని కదా, అంత పెద్దదాన్ని ప్రతి ముక్కా లెక్కగట్టి ఒక్కసారే ఎగరేయాలన్నాను.

"ఇనుము నీ లెక్క ఇనది టీచరమ్మా. కట్టాలె, పగలగొట్టి సూడాలె, మల్ల కట్టాలె."

ఆ పంతానికే సైన్స్ ఫెయిర్ కోసం నడుమెత్తు రేకు రాకెట్టు చేయించాను. అతుకుల బలమంతా కాగితం మీద తేల్చాను. పిల్లల ముందు గాలి కొట్టి ఎగరేయడమే మిగిలింది. ముందురోజు ఆయన దాన్ని కణుపుతో కొట్టి విన్నాడు. మొహం మారిపోయింది.

"ఆగు. చెరుకు సీజన్ ముంగట బాయిలర్ల నీళ్లెక్కించి సూస్తం. నీళ్లతోని పగిలితె కారుతది. గాలితోని పగిలితె పేలుతది."

రాకెట్టు నిండా నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచాడు. నా లెక్కలో సగానికే అతుకు విచ్చుకుంది. నిలువునా తడిశాం. మర్నాడు దాని చుట్టూ నిలబడాల్సిన పిల్లలు గుర్తొచ్చారు.

ఆయన మొహం తుడుచుకుని నవ్వాడు. "బతికినం టీచరమ్మా, ఇయ్యాల్నే పగిలింది."

ఇప్పటికీ ఎక్కడైనా రాకెట్టు పేలిందంటే, లోపల మనుషులున్నారా అన్నదే ముందు వింటాను. లేరని తెలియగానే "బతికినం" అంటాను, అచ్చం ఆయనలాగే.