పైడమ్మ దాటిన మడతల కొండ

1956 వేసవి సెలవులు. అప్పటికి కొన్నేళ్లుగా నేను చోడవరం హైస్కూల్లో జాగ్రఫీ చెబుతున్నాను. మా చుట్టుపక్కల చెరకు రైతులు కొందరు భార్యలతో బదరీనాథ్ యాత్రకు బయలుదేరుతూ, హిందీ వచ్చినవాణ్ణని నన్నూ రమ్మన్నారు. బోర్డు మీద గీయడమే గాని హిమాలయాలను నేనెన్నడూ చూడలేదు. ఎగిరి గంతేశాను.

బస్సు దారి ముగిశాక నడక. మర్నాడు పొద్దున్న అలకనంద ఒడ్డున ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా నిట్టనిలువు కొండచరియ. దాని రాతిపొరలు విల్లులా పైకి వంగి, మళ్లీ కిందికి దిగి, ఇంకోసారి లేచి కనిపించాయి. ఫోల్డ్ మౌంటెన్స్, అంటే ముడుత పర్వతాలు, అని ఏటా పిల్లలతో రాయించే మాట నా ఎదుట నిలబడింది. నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

నా వెనకే వస్తున్న పైడమ్మ మాత్రం దారిపక్క బండ మీద కూలబడింది. గోవాడ దగ్గరి రైతు అప్పలస్వామి భార్య ఆవిడ. అంతవరకు నడకలో ఎవరికీ తీసిపోని మనిషి.

"నాను రాను బాబూ. ఆ కొండ సూడు, ఎలాగ వొంగిపోయుందో. మనం కిందకెల్లగానే పడిపోద్ది."

"ఒసే, ఇంత దూరం వొచ్చి ఇక్కడ కూకుంటావేటి?" అని అప్పలస్వామి కసిరాడు.

ఆవిడ నాతో మెల్లగా అంది: "నుయ్యి తవ్వతంటే గట్టు ఇరిగి మా తమ్ముడి మీద పడిపోనాది బాబూ. నా కళ్లెదరే."

అప్పలస్వామి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. దాటొచ్చా అని, మా సామాను మోసే ఆ ప్రాంతపు గఢ్వాలీ కూలీని అడిగాను. ఎండగా ఉంటే ఫర్వాలేదు, వాన పడితే రాళ్లు దొర్లుతాయి, మధ్యాహ్నానికి మబ్బు పట్టేలా ఉంది, దాటితే ఇప్పుడే దాటాలి అన్నాడు.

ధైర్యం చెప్పడానికి నాకేమీ తోచలేదు. వచ్చిందల్లా పాఠం ఒకటే. ఆవిడ మూటలోని చీరలు అడిగి తీసుకుని, ఒకదాని మీద ఒకటి బండ మీద పరిచాను.

"వరద తీసాక మీ చేలో ఒండ్రు మేట వేస్తుంది కదమ్మా?"

"ఏస్తది."

"ఒకప్పుడు ఈ పక్కలంతా సముద్రం ఉండేది. దాని అడుగున అలాగే పొర మీద పొర పేరుకుని రాయి అయింది. సెడిమెంటరీ రాళ్లు అంటాం."

"ఈడ సముద్రమా!" అని ఆవిడ కొండకొమ్ము వైపు చూసింది.

చీరల అంచులు చెరోవైపు మొగుడూ పెళ్లాలకిచ్చి, ఎదురెదురుగా నెట్టమన్నాను. చీరలు మడతలు పడి మధ్యలో పైకి లేచాయి.

"భూమి రెండు పక్కలా ఇలా నొక్కితే పొరలు లేచి కొండలయ్యాయి. కోట్ల ఏళ్లు పట్టింది. ఆ వంపు కూలబోతూ వచ్చింది కాదమ్మా, లేస్తూ వచ్చింది."

పైడమ్మ చీరలనీ కొండనీ మార్చి మార్చి చూసింది. "అయితే రాయి పడదంటావా?"

"అలా అనను. వానకి పడతాయి. అందుకే ఎండ ఉండగా పోదాం. కొండ పక్కన నేను నడుస్తాను."

"ఇంకా లెగుస్తందా ఇది?"

"లేస్తోందనే అంటారు. మన కంటికి తెలియనంత నెమ్మదిగా."

"మరయితే బేగి లెగండి! ఇంకా ఎత్తయిపోకముందే ఎక్కేద్దాం."

అప్పలస్వామి పగలబడి నవ్వాడు. చరియ కింద ఉన్నంతసేపూ ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, తల ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఎత్తలేదు. అవతల ఎండలోకి వచ్చాక వెనక్కి తిరిగి తీరిగ్గా చూసింది.

"బాగుంది బాబూ," అంది, "సీర కుచ్చిళ్లు లాగుంది."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను. అర్థం కాలేదని ఎవరైనా అంటే, అదే మాట గొంతు పెంచి మళ్లీ చెప్పకుండా, ఏం చూసి ఆగిపోయారో ముందు అడగాలని నేను పైడమ్మ దగ్గరే నేర్చుకున్నాను. చాలాసార్లు పాఠం మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే.