ఓబుళమ్మక్క నూనె ఎవరు కొన్నారు?

ఓబుళమ్మక్క పోయిందట.

నిన్న మా అబ్బాయి ఆ మాట చెబితే "ఎవరు?" అని రెండుసార్లు అడిగాను. నాకు చెముడు కదా, వినపడలేదనుకుని వాడు గట్టిగా అరిచి చెప్పాడు.

మొదటిసారే వినపడింది.

నమ్మబుద్ధి కాలేదు.

ఓబుళమ్మక్క నా తోడికోడలు, మా పెద్దబావగారి భార్య. మైదుకూరు దగ్గర పల్లెకు నేను కాపురానికి వచ్చింది పంతొమ్మిది వందల యాభైల్లో. ఆ ఇంట్లో "తిన్నావామే?" అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మెసేజులు. "గ్రేట్ లేడీ" అంట. "ఆ కాలంలోనే బిజినెస్ చేసింది" అంట.

చదువుతుంటే ఒళ్ళు మండుతోంది.

ఆ బిజినెస్ ఏమిటో మీకు తెలుసా? మీ పెద్దవాళ్ళలో ఎంతమంది ఆమె దగ్గర కొన్నారు?

అందుకే ఈ పోస్ట్. నేను చెబుతున్నాను, మనవరాలు టైప్ చేస్తోంది.

మాది శెనక్కాయ పంట. వాన పడితే కాసినట్టు, లేకపోతే లేదు. కాసిన ఏడాది బండ్లకెత్తి మైదుకూరు మండీకి తోలేవాళ్ళు. అక్కడ దలాలి గుప్పెడు కాయలు తీసి, చిదిపి చూసి, "తేమ ఉండాది" అనేవాడు.

మా ఎండల్లో ఎండిన కాయకు తేమ!

వెనక్కి తోలుకొచ్చే ఓపిక లేక, మగవాళ్ళు అతను చెప్పిన రేటుకే ఇచ్చి వచ్చేవాళ్ళు.

ఒక ఏడు అక్క మామగారితో అంది: "కాయనే యాల అమ్మల్ల మామా? నూనె తీసి అమ్ముదాం. పిండగా మిగిలిన చెక్క మన ఎద్దుల మేతకైనా వస్తాది."

ఊళ్ళో చెన్నయ్యకు గానుగ ఉండేది. టౌనులో మిల్లు నూనె వచ్చాక దాని మొహం చూసేవాళ్ళు లేరు. అక్క పోయి దాన్ని మళ్ళీ తిప్పించింది. మా కాయ ఒక్కటే కాదు, ఊళ్ళో చిన్న రైతుల కాయ కూడా తేమ పేరుతో కోత పెట్టకుండా తీసుకుంది.

నూనె వచ్చింది. కొనేవాళ్ళేరి?

సంతకు నన్నూ వెంటబెట్టుకుని పోయింది. పొద్దంతా ఎండలో కూర్చున్నాం. "మడ్డిగా ఉండాదే, మిల్లు నూనె అయితే తేటగా ఉంటాది" అని డబ్బాలోకి తొంగి చూసి పోయేవాళ్ళే అందరూ.

తరువాతి సంతకు అక్క బాణలి, మిరపకాయలు, శెనగపిండి బండిలో పెట్టించింది. సంత మధ్యలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించి, మా నూనెలో బజ్జీలు వేయడం మొదలుపెట్టింది.

ఆ వాసనకు సగం సంత మా చుట్టూ చేరింది.

ఒకాయన "బజ్జీ ఎట్లమ్మా?" అని అడిగాడు.

"అమ్మేదానికి కాదప్పా. తిని చూడు. బాగుంటే నూనె తీస్కపో."

తిన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. "నూనె వద్దులేమ్మా, ఈ బజ్జీలే అమ్మగూడదా?"

నేను నవ్వేశాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది. అంతే, నోరు మూసుకున్నాను.

సాయంత్రానికి డబ్బాలన్నీ ఖాళీ. ఇప్పుడు దీన్నే ఫ్రీ శాంపిల్, మార్కెటింగ్ అంటున్నారు. అక్కకు ఆ మాటలు తెలియవు. బడి ముఖం చూడలేదు.

ఎర్రగుంట్ల రైల్వే క్వార్టర్స్‌కూ ఇలాగే పోయింది. అక్కడ అరవదేశం నుంచి వచ్చిన ఒక గార్డు భార్య రుచి చూసి, ఇంటింటికీ చెప్పి మరీ కొనిపించింది. మన మాట సరిగా రాని మనిషి.

మరి మనవాళ్ళు?

ఆ మరుసటి ఏడు మా ఆడపడుచు పెళ్ళి. మామగారు టౌను నుంచి బండిలో మిల్లు నూనె డబ్బాలు దింపించారు.

అక్క వాకిట్లోనే నిలబడి అడిగింది. "మామా, మన నూనె ఉండాది గదా?"

"ఉండాదిలేమ్మా. పెద్దింటి పెళ్ళి. మగపెళ్ళోళ్ళు శానామంది వస్తాండారు. గానుగ నూనెతో వండితే ఏమనుకుంటారు?"

"మన కాయ మనకే పనికిరాదా మామా?"

ఆయన డబ్బాలు లెక్కపెట్టుకుని లోపలికి నడిచారు. పక్కన పెద్దబావగారు ఉన్నారు. మా ఆయనా ఉన్నారు. ఇద్దరూ చెరొక డబ్బా ఎత్తుకుని ఆయన వెనకే పోయారు.

పెళ్ళికి అరిసెలు, బూరెలు, వడలు అన్నీ అక్కే వేసింది, ఆ మిల్లు నూనెలోనే. కళ్ళు ఎర్రగా ఉంటే పొగ అంది.

విషయం ఊరంతా పాకింది. "వాళ్ళింట్లోనే వాడరంట, మనకెందుకు?" అన్నారు. సంతలోనూ అదే మాట. కొనేవాళ్ళు తగ్గేసరికి రైతులు కాయను మళ్ళీ ఆ దలాలి దగ్గరికే తోలారు. చెన్నయ్య ఎద్దులను అమ్మేసి, ఎర్రగుంట్లకు కూలికి పోయాడు. ఆ గార్డు భార్య మాత్రం చాలా రోజులు కబురు పెడుతూనే ఉంది, నూనె ఎప్పుడు తెస్తారని.

అడిగేవాళ్ళున్నారు. గానుగే లేదు.

అక్క మళ్ళీ సంతలో కూర్చోలేదు. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి అడిగాను, మామగారి మీద కోపం రాలేదా అని.

"బయటోళ్ళకు రుచి చూపిచ్చి నమ్మిచ్చినా. రోజూ ఆ నూనెతోనే తిన్నోళ్ళకు ఇంకేం చూపియ్యల్ల మే?"

ఆమెకు కోపం పోయిందేమో. నాకు పోలేదు.

దయచేసి ఇంక ఆ పూల బొమ్మలు, దండాల బొమ్మలు ఆపండి. మన ఊళ్ళలో ఈరోజూ ఎవరో ఒక ఆడమనిషి ఏదో పండించో, వండో ఎండలో కూర్చుని అమ్ముతూ ఉంటుంది. పొగడకపోయినా పర్వాలేదు.

కొనండి.

అక్కా, నీ సరుకు మంచిదని ఇంకెవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు. నెమ్మదిగా నిద్రపో.