ఐదో వత్తి

తిరుపతిలో ఓ విశ్వవిద్యాలయాన్ని ముప్ఫై ఏళ్లుగా ఏటా తెరుస్తున్నది పంకజాక్షి ఒక్కతే. ఆమె కొంగు బిగించకపోతే వీసీ గారి నోరు కూడా పెగలదు. సరే, కాస్త తగ్గిద్దాం. తలుపులు తెరిచేది వాచ్‌మన్. వీసీ గారి నోటికి ఏ అడ్డూ లేదు. కానీ కొత్త పిల్లలకు స్వాగతం చెప్పే రోజున వేదిక మీద వెలిగే దీపం మాత్రం ఆమెదే. అందులో గోరంత అబద్ధం లేదు.

పంకజాక్షి అక్కడ అటెండరు. వత్తులు అంగట్లో కొననివ్వదు. ముందురోజే ఇంట్లో ఐదు వత్తులు చేసి, కొసలకు కర్పూరం పొడి కలిపిన నెయ్యి అద్దుతుంది. పైన ఫ్యాన్లు ఎంత తిరిగినా, అగ్గి చూపిస్తే చాలు, అంటుకుంటాయి. ఐదుగురు పెద్దలకు ఐదు వత్తులు. ఒక్కటి మిగిలిపోయినా ఆమెకు ఆ పూట ముద్ద దిగదు.

మూడేళ్ల కిందట సభ మొదలయ్యే వేళకు, నూనె గిన్నెతో వేదిక పక్క తలుపు దగ్గర నిలబడి ఉంటే, ఎవరో వెనకనుంచి కొంగు లాగారు. భుజాన సంచి, ఎర్రబడ్డ కళ్లు. కాణిపాకం పక్కన ఐరాల నుంచి చదువుకు వచ్చిన లోకేశ్వరి. వాళ్ల నాయన పొద్దున్నే హాస్టల్లో దింపి వెళ్లిపోయాడు.

“అక్కా, కాణిపాకం బస్సు యాడ నిలుస్తాది?”

“ఏమ్మే, వచ్చి ఒక పూటన్నా కాలేదు. అప్పుడే యాడికి?”

“నా గదిలోవాళ్లు నవ్వేది కూడా ఇంగ్లీషులోనే అక్కా. నాకు ఈడ కుదరదు. పోతా.”

పంకజాక్షి బదులు చెప్పేలోపే వేదిక మీద చిక్కు వచ్చిపడింది. నాలుగు వత్తులు వెలిగాయి. ఐదోది వెలిగించాల్సిన ముఖ్య అతిథి కారు రేణిగుంట దగ్గర ఇరుక్కుపోయింది. ఉన్న నలుగురిలో రెండోసారి ఎవరు వెలిగించాలి? వెలిగిస్తే ఎవరు పెద్దయినట్టు? “మీరు కానివ్వండి”, “అబ్బే, మీరే” అంటూ కొవ్వొత్తిని చేతులు మార్చుకుంటున్నారు. కొవ్వొత్తి కరిగిపోతోంది. ఐదో వత్తి దిక్కులేకుండా చూస్తోంది.

పంకజాక్షి ఆ పిల్ల భుజాన ఉన్న సంచి లాక్కుంది.

“బస్సు మళ్లీ వస్తాది. ముందు పోయి ఆ వత్తి ఎలిగించి రా.”

“నేనా?”

“అది నేను చేసిన వత్తి. నిన్ను ఇంగ్లీషులో ఏమీ అడగదు. పో!”

అని వీపు మీద ఒక్క తోపు తోసింది. వేదిక మీద తేలిన పిల్లను చూసి వీసీ గారు బతుకుజీవుడా అనుకుని కొవ్వొత్తి ఆమె చేతిలో పెట్టేశారు. లోకేశ్వరి అలా చూపించగానే వత్తి భగ్గున అంటుకుంది. మైకు పట్టుకున్నాయన, ఇదంతా ముందే అనుకున్నది కాబోలని, “కొత్త విద్యార్థుల తరఫున... పేరేంటమ్మా?” అన్నాడు.

“లోకేశ్వరి. ఐరాల.”

వెనక వరసలోంచి ఒక ఆడపిల్ల లేచి అరిచింది. “మాది పక్కనే, కాణిపాకం!”

హాలంతా చప్పట్లు. లోకేశ్వరి దిగి వచ్చేసరికి ఆ కాణిపాకం పిల్ల కాచుకుని ఉంది. పంకజాక్షి చేతిలోని సంచి అందుకుని తిన్నగా హాస్టల్ దారి పట్టింది. వెనకే లోకేశ్వరి. ఆ మరుసటి ఏడాది నుంచి ఐదో వత్తి కొత్త విద్యార్థిదే అయింది.

లోకేశ్వరి ఇప్పుడు పీజీలో చేరింది. ఏటా సభకు ముందురోజు పంకజాక్షి ఇంటికొచ్చి పత్తి దువ్వుతుంది. ఈ సంగతి నిజమేనా అని అడిగితే, ఆ పిల్ల పక్కనే ఉండగా, పంకజాక్షి దీపపు సెమ్మెకు చింతపండు రుద్దుతూనే అంటుంది:

“ఎవురు చెప్పినారు? నేను చేసిన వత్తి ఎలగకుండా నిలిచిందా? ఆ రోజు పెద్దోళ్లు ఐదుగురూ వచ్చినారు, ఐదూ వాళ్లే ఎలిగించినారు. నేను ఎవుర్నీ తొయ్యలేదబ్బా.”